అరబ్బీ భాష - ఇతర సెమిటిక్ భాషలతో సంబంధం

అరబ్బీ భాష (అరబిక్) సెమిటిక్ భాషా కుటుంబానికి చెందిన ఒక ప్రధాన భాష. హీబ్రూ, అరమాయిక్, సిరియాక్, ఫినీషియన్, అక్కాడియన్, గీజ్, అమ్హారిక్, మాల్టీస్ భాషలు కూడా ఈ కుటుంబానికి చెందినవే. పశ్చిమ ఆసియా మరియు ఉత్తర ఆఫ్రికా దేశాలలో అరబ్బీని 30 కోట్లకు పైగా ప్రజలు మాట్లాడుతున్నారు. 1973 నుండి ఇది ఐక్యరాజ్య సమితి అధికార భాషలలో ఒకటి.

తెలుగు ద్రావిడ భాష. తెలుగుకు, అరబ్బీకి జన్మసంబంధం ఏదీ లేదు. అయినప్పటికీ జిల్లా, తాలూకా, రైతు, కౌలు, హక్కు, వకీలు, కబురు, ఖరీఫు, రబీ వంటి వందలాది అరబ్బీ మూలపదాలు తెలుగులో స్థిరపడినవి. ఎన్.టి.ఆర్. జిల్లాలోని జి.కొండూరు, నందిగామ, జగ్గయ్యపేట మెట్ట ప్రాంతాన్ని (2022 వరకు ఇది కృష్ణా జిల్లాలో భాగం) ఇందుకు ఉదాహరణగా తీసుకోవచ్చును. ఇక్కడ భూమి పత్రాలలో అరబ్బీ మాటలు, మసీదులలో అరబ్బీ ప్రార్థనలు, చర్చీలలో హీబ్రూ పేర్లు పక్కపక్కనే వినిపిస్తాయి. అరబ్బీకి, ఇతర సెమిటిక్ భాషలకు గల బంధుత్వాన్ని తెలుగు పాఠకులు తమకు తెలిసిన ఈ మాటల ద్వారానే అర్థం చేసుకొనవచ్చును.

సెమిటిక్ భాషా కుటుంబం

"సెమిటిక్" అనే పేరును 1781లో జర్మన్ చరిత్రకారుడు ష్లోట్జర్ ప్రవేశపెట్టాడు. బైబిలులో నోవహు కుమారుడైన షేము పేరు మీదుగా ఈ పేరు ఏర్పడినది. ఇది భాషలకు పెట్టిన పేరే తప్ప, ఒక జాతిని గాని మతాన్ని గాని సూచించేది కాదు.

సెమిటిక్ భాషలు ఆఫ్రో-ఆసియాటిక్ అనే మహా కుటుంబంలో ఒక శాఖ. ప్రాచీన ఈజిప్షియన్, బెర్బర్, సోమాలీ, హౌసా భాషలు అదే మహా కుటుంబంలోని ఇతర శాఖలకు చెందినవి. సెమిటిక్ శాఖలోని ముఖ్య విభాగాలు:

* తూర్పు సెమిటిక్: అక్కాడియన్ (బాబిలోనియా, అస్సీరియాల భాష), ఎబ్లాయిట్. ఇవి ఇప్పుడు వాడుకలో లేవు.
* మధ్య సెమిటిక్: అరబ్బీ, అరమాయిక్ మరియు దాని సాహిత్య రూపమైన సిరియాక్, హీబ్రూ, ఫినీషియన్ మొదలైన కనానైట్ భాషలు, ప్రాచీన దక్షిణ అరేబియా శాసన భాషలు.
* ఇథియోపియా భాషలు: గీజ్, అమ్హారిక్, తిగ్రిన్యా.
* ఆధునిక దక్షిణ అరేబియా భాషలు: మెహ్రీ, సొకోత్రీ మొదలైనవి.

మధ్యధరా సముద్రంలోని మాల్టా ద్వీపంలో మాట్లాడే మాల్టీస్, మధ్యయుగపు అరబ్బీ మాండలికం నుండి పుట్టిన భాష. దీనిని లాటిన్ లిపిలో వ్రాస్తారు.

అరబ్బీ, ఉర్దూ, పారశీకం వేర్వేరు కుటుంబాలు

ఉర్దూ, పారశీకం, అరబ్బీ ఒకే రకమైన లిపిలో కనిపించడం వలన ఇవన్నీ ఒకే భాషా కుటుంబానికి చెందినవని చాలామంది అనుకుంటారు. ఇది సరికాదు. పారశీకం ఇండో-యూరోపియన్ కుటుంబంలోని ఇరానీ శాఖకు చెందినది. ఉర్దూ, హిందీ, మరాఠీల వలె ఇండో-ఆర్య భాష. ఉర్దూ క్రియలు, సర్వనామాలు, వాక్య నిర్మాణం హిందీవే. ఉర్దూలో అరబ్బీ పదాలు ఎక్కువగా ఉన్నా, సంస్కృత పదాలు ఎంత ఉన్నా తెలుగు ద్రావిడ భాషే అయినట్లు, ఉర్దూ కూడా ఇండో-ఆర్య భాషే.

కాబట్టి కుటుంబ బంధుత్వం వేరు, ఎరవు తీసుకోవడం వేరు. తెలుగుకు ఈ విషయంలో ఒక చరిత్ర ఉన్నది. తెలుగు సంస్కృతం నుండి పుట్టినది కాదని, తమిళ కన్నడాలతో కలిసి ఒక ప్రత్యేక కుటుంబానికి చెందినదని ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ 1816లో ధాతువులను పోల్చి నిరూపించాడు. సెమిటిక్ భాషల బంధుత్వం కూడా అదే విధంగా ధాతువులు, సంఖ్యావాచకాలు, శరీరావయవాల పేర్లు, వ్యాకరణ ప్రత్యయాల పోలిక మీద నిలిచి ఉన్నది.

మూడు హల్లుల ధాతువు

సెమిటిక్ భాషల ముఖ్య లక్షణం మూడు హల్లుల ధాతువు. హల్లులు మూల భావాన్ని తెలుపుతాయి. వాటి నడుమ అచ్చులు మారడం, ముందు వెనుక వర్ణాలు చేరడం వలన పదాలు ఏర్పడతాయి. తెలుగులో ధాతువు మారకుండా ఉండి చివర ప్రత్యయాలు చేరతాయి (చేయు, చేసెను, చేసినవాడు). సెమిటిక్ భాషలలో మార్పు ధాతువు లోపలే జరుగుతుంది. తెలుగులో ఉన్న అరబ్బీ పదాలనే గుంపులుగా చేర్చితే ఈ పద్ధతి స్పష్టమవుతుంది.

* హ-స-ల (చేకూరు, లభించు): తహశీలు (వసూలు చేయుట), మహసూలు (వసూలైనది, రాబడి).
* హ-ద్వ-ర (ఎదుట ఉండు): హాజరు, హుజూరు, మహజరు.
* న-జ-ర (చూచు): నజరు (చూపు), నాజరు (పర్యవేక్షించువాడు), మంజూరు (చూడబడినది, అనగా ఆమోదించబడినది).
* జ-మ-అ (కూడు): జమ, జమాతు, జమాబందీ, మజుందారు. వీటిలో "బందీ", "దారు" అనేవి పారశీక ప్రత్యయాలు.
* హ-క-మ (తీర్పు చెప్పు): హుకుం (ఆజ్ఞ), హకీం (జ్ఞాని, వైద్యుడు). హీబ్రూలో ఇదే ధాతువు నుండి వచ్చిన "హొఖ్మా"కు జ్ఞానమని అర్థం.
* అ-మ-న (నమ్మకము): అమానతు (నమ్మి ఉంచిన సొత్తు), కోర్టు ఉత్తర్వులు అమలు చేసే "అమీనా". చర్చిలో పలికే "ఆమేన్", మసీదులో పలికే "ఆమీన్" రెండూ ఈ ధాతువుకు చెందినవే.

పూర్వం గ్రామాధికారిని మునసబు అనేవారు. ఇది "మున్సిఫ్" అనే అరబ్బీ పదం. "నిస్ఫ్" అనగా సగం. ఇరుపక్షాలకు సమంగా పంచి న్యాయం చెప్పేవాడు మున్సిఫ్. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వంశపారంపర్య మునసబు, కరణం పదవులను రద్దు చేసినది. ఆ "రద్దు" కూడా అరబ్బీ పదమే.

ధ్వనుల అనుగుణ్యత

సోదర భాషల మధ్య పోలిక యాదృచ్ఛికంగా ఉండదు. ఒక భాషలోని ఒక ధ్వనికి మరొక భాషలో ఒక నిర్దిష్టమైన ధ్వని నియమబద్ధంగా ఎదురవుతుంది. తమిళంలోని "చెవి"కి కన్నడంలో "కివి", తమిళంలోని "చెయ్"కు కన్నడంలో "గెయ్" ఉన్నట్లే, సెమిటిక్ భాషలలోనూ ఇట్టి నియమాలు ఉన్నవి. (క్రింది పట్టికలో "థ" అనగా ఇంగ్లీషు "థింక్" అను మాటలోని మొదటి ధ్వని.)

అర్థం: అరబ్బీ - హీబ్రూ - అరమాయిక్
* మూడు: థలాథా - షలోష్ - త్లాతా
* ఏడు: సబ్ఆ - షేవా - షబ్ఆ
* ఎనిమిది: థమానియా - ష్మోనే - త్మాన్యా
* పది: అషరా - ఎసెర్ - అస్రా
* తల: రఅస్ - రోష్ - రేషా
* పేరు: ఇస్మ్ - షేమ్ - ష్మా
* ఇల్లు: బైత్ - బయిత్ - బైతా
* కుక్క: కల్బ్ - కెలెవ్ - కల్బా
* బంగారం: ధహబ్ - జాహావ్ - దహ్బా
* భూమి: అర్ద్వ్ - ఎరెత్స్ - అర్ఆ

పై పట్టిక నుండి కొన్ని నియమాలు గ్రహించవచ్చును. అరబ్బీ "స"కు హీబ్రూలో "ష", అరబ్బీ "ష"కు హీబ్రూలో "స" ఎదురవుతాయి. అరబ్బీ "థ"కు హీబ్రూలో "ష", అరమాయిక్‌లో "త" వస్తాయి. అరబ్బీలో దీర్ఘమైన "ఆ" ఉన్నచోట హీబ్రూలో తరచుగా "ఓ" ఉంటుంది. ముస్లిములు చెప్పే "సలాం", యూదులు చెప్పే "షాలోం" అనే అభివాదాల మధ్య ఈ రెండు నియమాలూ కనిపిస్తాయి: స-ష, ఆ-ఓ. రెండింటి అర్థం శాంతి, క్షేమం.

"జిల్లా" అనే పదం

ప్రాచీన సెమిటిక్ భాషలోని ఒక ధ్వని అరబ్బీలో "ద్వాద్" అనే అక్షరంగా నిలిచినది. ఈ ధ్వని తమకే ప్రత్యేకమని భావించి అరబ్బులు తమ భాషను "ద్వాద్ భాష" అని పిలుచుకుంటారు. ఇదే ధ్వని హీబ్రూలో "త్స"గా, అరమాయిక్‌లో గొంతులో పలికే "అ" (ఐన్) ధ్వనిగా మారినది. పై పట్టికలోని "భూమి" పదం ఇందుకు ఉదాహరణ.

అరబ్బీలో "ద్విల్అ" అనగా ప్రక్కటెముక, ప్రక్క భాగం. దీనికి హీబ్రూ సోదర పదం "త్సేలా". బైబిలు ఆదికాండములో ఆదాము ప్రక్కటెముక నుండి స్త్రీని నిర్మించిన కథలో వాడిన హీబ్రూ పదం ఇదే. అరబ్బీ పదం పారశీకంలో "జిలా"గా మారి, దేశంలో ఒక ప్రక్క భాగమనే అర్థంలో పరిపాలనా పదమైనది. అదే తెలుగులో "జిల్లా".

ఈ పదాలు తెలుగులోకి ఏ దారిన వచ్చినవో కూడా ఈ ధ్వనే తెలుపుతుంది. పారశీకులు "ద్వాద్"ను "జ"కు దగ్గరగా పలుకుతారు. తెలుగులో హాజరు, హుజూరు, అర్జీ, కబ్జా, జప్తు, జామీను, కాజీ, ఫజీతి అనే మాటలన్నింటిలో అరబ్బీ "ద్వాద్"కు బదులు "జ" ఉన్నది. ఇవి అరబ్బుల నోటి నుండి నేరుగా వచ్చి ఉంటే "ద" ధ్వని కనిపించేది. కావున ఇవి అరబ్బీ నుండి పారశీకానికి, అక్కడి నుండి దక్కనీ ఉర్దూ, దఫ్తరు భాషల ద్వారా తెలుగుకు చేరినవని నిశ్చయించవచ్చును.

మెట్ట ప్రాంతానికి అరబ్బీ పదాలు చేరిన విధము

16వ శతాబ్దంలో కొండపల్లి దుర్గం గోలకొండ కుతుబ్‌షాహీల వశమైనది. వారి రాజ్యంలో పారశీకం ప్రధాన కార్యాలయ భాష. గోలకొండకు, మచిలీపట్నం రేవుకు మధ్య ఉండడం వలన ఈ ప్రాంతానికి వర్తక ప్రాముఖ్యం కూడా ఏర్పడినది. తరువాత మొగలులు, నిజాముల కాలంలో కొండపల్లి ఒక సర్కారుకు కేంద్రంగా ఉండేది. 1766లో ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీకి దక్కినవి. కంపెనీ పాత రెవెన్యూ పదజాలాన్ని మార్చకుండా కొనసాగించినది. మచిలీపట్నంలో న్యాయాధికారిగా పనిచేసిన సి.పి. బ్రౌన్, కచేరీలలో వాడే ఇట్టి అన్యదేశ్యాలకు ప్రత్యేకంగా నిఘంటువు కూర్చి 1854లో ప్రచురించాడు.

వ్యవసాయ సంవత్సరం పేర్లు కూడా ఇలాగే స్థిరపడినవి. "ఖరీఫ్" అనగా అరబ్బీలో శరత్కాలం, "రబీ" అనగా వసంతం. పంట కోతకు వచ్చే కాలాన్ని బట్టి ఈ పేర్లు ఏర్పడినవి. ఖరీఫ్‌కు హీబ్రూ సోదర పదమైన "హోరెఫ్"కు చలికాలమని అర్థం. "ఫసలీ" అనేది "ఫస్ల్" (ఋతువు) నుండి వచ్చినది. ఆంధ్ర ప్రాంతంలో ఫసలీ సంవత్సరం జూలై 1న మొదలవుతుంది. ఆనాటి క్రీస్తు శకం నుండి 590 తీసివేస్తే ఫసలీ వస్తుంది. ఉదాహరణకు 2024 జూలైలో 1434 ఫసలీ ప్రారంభమైనది.

తెలుగులో చేరిన తరువాత ఈ పదాలు అజంతాలై తెలుగు విభక్తులను, బహువచనాలను స్వీకరించినవి. అరబ్బీలో "వకీల్"కు బహువచనం "వుకలా" కాగా, తెలుగులో "వకీళ్ళు". "ఖబర్" తెలుగులో "కబురు"గా మారి, అన్యదేశ్యమని తోచనంతగా కలిసిపోయినది. "ఆసామి" అనే మాట "ఇస్మ్" (పేరు) బహువచన రూపం నుండి వచ్చినది. శిస్తు లెక్కలలో పేరు గలవాడు ఆసామి. ఆ విధంగా హీబ్రూలోని "షేమ్"కు తెలుగు పల్లెలోని "ఆసామి" దూరపు చుట్టమవుతాడు.

పేర్లలో బంధుత్వం

ఈ ప్రాంత గ్రామాలలో క్రైస్తవులు, ముస్లిములు పెట్టుకునే పేర్లు చాలావరకు ఒకే పేర్లకు రెండు రూపాలు: అబ్రాహాము - ఇబ్రాహీం, యాకోబు - యాఖూబ్, యోసేపు - యూసుఫ్, మోషే - మూసా, దావీదు - దావూద్, సొలొమోను - సులేమాన్, యోబు - అయ్యూబ్, మరియ - మర్యం.

అయితే కేవలం ఇట్టి పేర్ల వలన భాషల బంధుత్వం నిరూపణ కాదు. పేర్లు మత గ్రంథాల ద్వారా ఒక భాష నుండి మరొక భాషకు నడిచి వెళతాయి. యోసేపు అనే పేరు తెలుగులో ఉన్నంత మాత్రాన తెలుగు సెమిటిక్ భాష కాదు కదా. పేర్ల లోపలి ధాతువులు రెండు భాషలలోనూ సజీవంగా ఉండడమే అసలైన ఆధారం. "అబ్దుల్లా" (అబ్ద్ + అల్లాహ్), బైబిలులోని "ఓబద్యా" రెండింటికీ దేవుని దాసుడని అర్థం. మొదటి భాగం రెండింటిలోనూ ఒకే ధాతువు. "మెల్కీసెదెకు" అనే బైబిలు పేరులో మ-ల-క (రాజు), స-ద-క (సత్యం, నీతి) ధాతువులు ఉన్నవి. ముస్లిముల "మాలిక్", "సాదిఖ్" పేర్లలోనూ అవే ధాతువులు. నిజాము రాజ్యంలోని "ముల్కీ" అనే మాట కూడా మ-ల-క ధాతువుకు చెందినదే.

అర్థాలు వేరుపడిన సందర్భాలూ ఉన్నవి. బేత్లెహేము అనగా హీబ్రూలో "రొట్టె ఇల్లు". దానినే అరబ్బీలో "బైత్ లహ్మ్" అంటారు, కాని అరబ్బీలో "లహ్మ్" అనగా మాంసం. ముఖ్యాహారం అనే పాత అర్థం ఒకచోట రొట్టెగా, మరొకచోట మాంసంగా స్థిరపడినదని పండితులు వివరిస్తారు.

పోలిక కనిపించిన ప్రతిదీ బంధుత్వం కాదు. అరమాయిక్‌లో "అబ్బా" అనగా తండ్రి. తెలుగులోని "అబ్బ"కు కూడా అదే అర్థం. కాని తెలుగు "అబ్బ" ద్రావిడ పదం, తమిళ కన్నడాలలోని "అప్ప"కు సోదరం. పసిపిల్లల పలుకుల నుండి పుట్టే ఇట్టి మాటలు అనేక భాషలలో ఒకేలా ఉంటాయి.

అరబ్బీ మాతృభాషా, సోదర భాషా?

సెమిటిక్ భాషలన్నింటికీ అరబ్బీయే మూలమని కొందరు, హీబ్రూయే మూలమని మరికొందరు నమ్ముతూ వచ్చారు. భాషాశాస్త్రం ఈ రెండింటినీ అంగీకరించదు. రెండూ మూల సెమిటిక్ అనే మరింత ప్రాచీన భాష నుండి వేరుపడిన సోదర భాషలు.

లిఖిత ఆధారాలలో అక్కాడియన్ అన్నింటికంటె పాతది. అది క్రీస్తు పూర్వం మూడవ సహస్రాబ్దిలోనే వ్రాతలో ఉన్నది. హీబ్రూ శాసనాలు సుమారు క్రీ.పూ. 10వ శతాబ్దం నుండి లభిస్తున్నవి. ప్రాచీన అరబ్బీకి ప్రసిద్ధ ఆధారమైన నమారా శాసనం క్రీ.శ. 328 నాటిది. అయినను వ్రాతలోకి ఆలస్యంగా వచ్చిన అరబ్బీ అనేక ప్రాచీన లక్షణాలను నిలుపుకొన్నది. మూల సెమిటిక్‌లో ఉండేవని భావించే 29 హల్లులలో 28 అరబ్బీలో నేటికీ వేర్వేరుగా ఉన్నవి. హీబ్రూ పోగొట్టుకున్న మూడు విభక్తి ప్రత్యయాలు ప్రామాణిక అరబ్బీలో ఉన్నవి. అవే అక్కాడియన్‌లోనూ కనిపిస్తాయి. మరొకవైపు, మూల భాషలోని "ప" ధ్వనిని అరబ్బీ పోగొట్టుకొని "ఫ"గా మార్చుకొన్నది. హీబ్రూ దానిని నిలుపుకొన్నది. ఏ సోదరి వద్ద ఏ సొమ్ము మిగిలినదో చూచి మూల భాషను ఊహించవలసి ఉంటుంది.

లిపి సంబంధం

అరబ్బీ లిపి నబాతియన్ లిపి నుండి, అది అరమాయిక్ లిపి నుండి పుట్టినవి. నేటి హీబ్రూ చదరపు లిపి కూడా అరమాయిక్ నుండి వచ్చినదే. భారతదేశ వాయవ్య భాగంలో వాడిన ఖరోష్ఠి లిపికి అరమాయిక్ ఆధారమని స్థిరపడినది. బ్రాహ్మీ లిపికి కూడా అదే ప్రేరణ అని పలువురు పండితుల అభిప్రాయం. అది స్వతంత్రంగా ఈ దేశంలోనే పుట్టినదని చెప్పేవారూ ఉన్నారు.

జగ్గయ్యపేట బౌద్ధ స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ పరిశోధించాడు. అక్కడి ఆయక స్తంభాలపై ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని కాలపు ప్రాకృత శాసనాలు బ్రాహ్మీ లిపిలో ఉన్నవి. తెలుగు లిపి బ్రాహ్మీ సంతతికి చెందినది. పై అభిప్రాయం సరియైనదైతే, ఎడమ నుండి కుడికి సాగే తెలుగు అక్షరాలకు, కుడి నుండి ఎడమకు సాగే అరబ్బీ అక్షరాలకు పూర్వీకులు ఒకరే అవుతారు.

తెలుగు నేలపై సెమిటిక్ భాషల వాడుక

ముస్లిములు ఖురాన్ పారాయణంలో, నమాజులో అరబ్బీని వాడతారు. ఇంటిలో ఉర్దూ లేదా తెలుగు మాట్లాడతారు. 20వ శతాబ్దపు పూర్వార్ధంలో చిలుకూరి నారాయణరావు ఖురాన్‌ను తెలుగులోకి అనువదించాడు. నిజాము సైన్యంలో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుండి వచ్చిన అరబ్బుల సంతతివారు హైదరాబాదులోని బార్కస్ ప్రాంతంలో నివసిస్తున్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపంలోని కొత్తరెడ్డిపాలెంలో, తాము ఇశ్రాయేలు ఎఫ్రాయిము గోత్రానికి చెందినవారమని భావించే బెనే ఎఫ్రాయిం అనే చిన్న తెలుగు సమాజం ప్రార్థనలలో హీబ్రూను వాడుతున్నది.

"కౌలు రైతు హక్కు"

మెట్ట ప్రాంతంలో ప్రత్తి, మిరప పండించేవారిలో కౌలుదారులు ఎందరో ఉన్నారు. "కౌలు రైతు హక్కు" అనే మాటలో మూడు పదాలూ అరబ్బీవే, మూడింటికీ హీబ్రూలో సోదర పదాలు ఉన్నవి.

* కౌలు: అరబ్బీ "ఖౌల్" అనగా పలుకు, ఇచ్చిన మాట. హీబ్రూ "కోల్" అనగా స్వరం.
* రైతు: అరబ్బీ "రఇయ్యత్" అనగా మంద, పాలకుని సంరక్షణలోని ప్రజ. హీబ్రూ "రోఎ" అనగా గొర్రెల కాపరి. ఒకే ధాతువు అరబ్బీలో కాయబడువారిని, హీబ్రూలో కాచువానిని తెలుపుతున్నది.
* హక్కు: అరబ్బీ "హఖ్" అనగా సత్యం, న్యాయంగా చెందవలసినది. హీబ్రూ "హోక్" అనగా కట్టడ, శాసనం.

కంపెనీ కాలంలో కౌలు అంటే వ్రాసి ఇచ్చిన పత్రం. కాలక్రమంలో పల్లెలలో అది ఎక్కువగా నోటిమాట ఒప్పందంగా మిగిలినది. కాగితం లేనందున సాగు చేసినవానికి పంట రుణం, నష్టపరిహారం అందడం కష్టమైనది. ఈ లోటును తీర్చడానికి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో రుణ అర్హత కార్డుల చట్టం, 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చినవి. 2019 చట్టం ప్రకారం భూయజమాని అంగీకారంతో 11 నెలలకు సాగు హక్కు పత్రం ఇస్తారు. యజమాని సంతకం చేయనిచోట కౌలు మళ్ళీ నోటిమాటగానే మిగిలిపోతుంది. "ఖౌల్" అనే అరబ్బీ పదానికి గల తొలి అర్థం కూడా అదే.